చేపపిల్లల కేంద్రములలో నీటి సంగతి

(ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో చేపపిల్లల ఉత్పత్తిదారులకు చేసిన ఉపన్యాసము)



ఈ ఉదయము తార్నాకలో బస్సు దిగి, మీలో చాలమంది అక్కడి కుళాయి నీరు త్రాగి ఈ ఆవరణలోనికి వచ్చియుందురు. ఆ నీరు మనకు మంచిదే. కాని దానిని తిన్నగా తొట్టిలోనికి వదలి శీలావతి పిల్లలను విడిచినచో, అవి కొద్ది గంటలలోనే చచ్చిపోవచ్చును. మనకు రోగములు రాకుండ కలిపిన క్లోరినే వాటి మొప్పలను పాడుచేయును. కాబట్టి తేటగా ఉన్న నీరెల్ల చేపకు మంచిదని తలచరాదు.

పూర్వము చేపపిల్లను నదిలో పట్టి తెచ్చెడివారు. గ్రుడ్లకు తగిన నీటిని చేపయే వెదకుకొనెడిది. 1957లో ఒరిస్సాలోని అంగుల్ వద్ద హీరాలాల్ చౌధురి గారు పిట్యూటరీ సూదిమందుతో మన కార్పు చేపలచేత గ్రుడ్లు పెట్టించిరి. నాటినుండి నీటిని ఎంచు బాధ్యత మనపై పడినది.

నీలగిరులలోని అవలాంచిలో 1907లో ట్రౌట్ చేపల కేంద్రమును స్థాపించిరి. ట్రౌట్ చల్లని వాగు నీటి చేప. 10 డిగ్రీల నీటిలో దాని గ్రుడ్డు పిల్ల యగుటకు సుమారు నెల పట్టును. మన బొచ్చె, శీలావతి గ్రుడ్లకు 28 డిగ్రీల వద్ద 14 నుండి 18 గంటలు చాలును. ట్రౌట్ పెంచువారికి తప్పు దిద్దుకొనుటకు దినములుండును. మనకున్నది ఒక్క రాత్రి. పైగా 10 డిగ్రీల నీరు లీటరుకు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకొనగా, 28 డిగ్రీల నీరు 8 కూడ పట్టదు.

చాల కేంద్రములకు బోరు నీరే ఆధారము. అందులో ప్రాణవాయువు తక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. ఒక్కొక్కచోట ఇనుమును ఉండును. ఒక రైతు రాత్రికి రాత్రి పిల్లంతయు పోయినదని నాకు మందుల పెట్టె చూపెను. నేను పెట్టె మూయించి, బకెట్టు నిండ బోరు నీరు పట్టి ఉంచుమంటిని. పట్టినప్పుడు అద్దమువలె నున్న నీరు తెల్లవారుసరికి ఎర్రబారినది. ఆ త్రుప్పే గ్రుడ్లపైన, మొప్పలపైన పేరుకొనును. అతడు అప్పటికే మందులకు చాల సొమ్ము పోసియుండెను. బోరు నీటిని చిల్లుల రేకులపైనుండి జల్లుగా పడనిచ్చి, తొట్టిలో ఒక దినము నిలిపి, ఇసుకలో వడకట్టి వాడవలెను. ఖర్చు కొంచెమే.

అమ్మోనియాను గురించి ఒక మాట. 28 డిగ్రీల నీటిలో పి.హెచ్. 7 ఉన్నప్పుడు ఉన్న అమ్మోనియాలో నూటికి ఒక వంతుకూడ విషరూపమున ఉండదు, పి.హెచ్. 9 అయినచో 40 వంతులు అట్లుండును. నర్సరీ చెరువు పచ్చబడినప్పుడు మధ్యాహ్నము పి.హెచ్. పెరుగును, ప్రాణవాయువు తెల్లవారుజామున తగ్గును. కావున పి.హెచ్.ను మూడు గంటలకు, ప్రాణవాయువును కోడికూతవేళ చూడవలెను. పది గంటలకు తీరికగా చూచినచో రెండును బాగుగనే కనబడును!

చచ్చిన గ్రుడ్లు తెల్లబడి బూజు పట్టును; వెంటనే తీసివేయవలెను. పూర్వము వాడిన మలకైట్ గ్రీన్‌ను తినెడు చేపలకు ఇప్పుడు వాడరాదు.

ఇక ప్రయోగశాలకు పోవుదము. మీరు తెచ్చిన నీటిని అక్కడ చూతము. సీసాలో గాలి మిగులకుండ నిండుగా పట్టి మూత బిగించినవారు ముందు రండు. సగము సీసా తెచ్చినవారి నీటిలో ప్రాణవాయువు లెక్క సరిగా తేలదు, వారు రేపు మరల తేవలసియుండును.