బోర్డు తుడిచే పని

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చిప్పగిరిలో చదువుకున్న రోజుల్లో క్లాసులో నాకున్న పదవి ఒక్కటే, బోర్డు తుడవడం. సుద్దముక్క పట్టుకుని రాయడానికి అందరూ ఎగబడేవాళ్లు. డస్టరు మాత్రం నాకే మిగిలేది. జ్వరంతో నేను రాని రోజున, "ఏమప్పా, నిన్నటి లెక్క ఇంకా చెరపలేదా? నేనెక్కడ రాయాల?" అని సారు అరిచారట. తుడవడం కూడా ఒక పనేనని ఆ రోజు క్లాసుకు తెలిసింది. ఈ రోజు నేను చెప్పబోయేది మన ఒంట్లో అదే పని చేసే ప్రోటీన్ల గురించి.

నేను డాక్టర్ను కాను, ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీర్ను. ఈ సంగతుల జోలికి రావడానికి కారణం మా నాయన. ఆయనకు షుగరుండేది. కాలికి పుండైనా చెప్పుల్లేకుండానే శెనక్కాయ చేనికి పోయేవాడు. చివరికి ఆ కాలు తీసేయాల్సి వచ్చింది. ఫ్యాక్టరీలో గంటగంటకూ మీటర్ల రీడింగులు రాసుకునే నేను, మా నాయన షుగరు రీడింగు ఎంతని ఒక్కసారీ అడగలేదు. నా నలభై తొమ్మిదో ఏట నాకూ అదే జబ్బు బయటపడింది. "మీ ఒంట్లో ఇన్సులిన్ ఉంది, కానీ కణాలు దాని మాట వినడం లేదు" అన్నారు డాక్టరు. సిగ్నల్ వెళ్తోంది, యంత్రం కదలడం లేదు. ఇది ఇంజనీరుకు నిద్రపట్టనివ్వని మాట. అప్పటినుంచి చదవడం మొదలుపెట్టాను.

ఇన్సులిన్ వచ్చి కణం పైపొర మీదున్న గ్రాహకాన్ని తాకుతుంది. అప్పుడు ఆ గ్రాహకం మీద, టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఉన్న చోట, ఫాస్ఫేట్ గుర్తులు పడతాయి. 'తలుపు తీసి చక్కెరను లోపలికి రానివ్వు' అనే వార్త ఆ గుర్తుల ద్వారానే లోపలికి పోతుంది. గుర్తు రాసే ఎంజైములను కైనేజులంటారు. రాసిన గుర్తును చెరిపేవి ప్రోటీన్ టైరోసిన్ ఫాస్ఫటేజులు. ఒకటి సుద్దముక్క, ఒకటి డస్టరు.

ఆ సుద్ద ఎక్కడిది? ఏటీపీ అనే అణువుది. దాన్ని 1929లో కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. ఒంట్లో ఫాస్ఫరస్‌ను కొలవడానికి ఆయన, ఫిస్క్ కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి ప్రపంచమంతా వాడింది.

శాస్త్రవేత్తల చూపు కూడా ముందు సుద్దముక్క మీదే పడింది. టైరోసిన్ మీద రాసే కైనేజుల సంగతి 1979 నాటికే బయటపడింది. తుడిచేవాటిలో మొదటిదాన్ని, పీటీపీ1బీని, మానవ మావి నుంచి శుద్ధి చేసింది 1988లో. ఇప్పుడు లెక్క చూస్తే మనిషిలో టైరోసిన్ కైనేజుల జన్యువులు 90, ఫాస్ఫటేజుల కుటుంబానివి సుమారు 100. తుడిచేవాళ్లు రాసేవాళ్లకేమీ తీసిపోలేదు.

ఈ కథలో మన హైదరాబాదుకూ చోటుంది. వెనేడియం అనే లోహపు లవణం ఈ ఫాస్ఫటేజుల పని ఆపేస్తుందని 1982లో ఘనశ్యామ్ స్వరూప్ గారు, సహ పరిశోధకులు అమెరికాలో చూపించారు. తర్వాత ఆయన ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీలో ఏళ్ల తరబడి ఈ ప్రోటీన్ల మీదే పనిచేశారు. కేంద్రకంలో డీఎన్ఏకు అంటుకునే ఒక ఫాస్ఫటేజును ఆయన బృందం పరిశోధించింది.

ఇన్సులిన్ గ్రాహకం మీది గుర్తులను చెరిపేది ముఖ్యంగా ఆ పీటీపీ1బీనే. 1999లో దీన్ని తీసేసిన ఎలుకలను తయారుచేశారు. వాటిలో ఇన్సులిన్ బాగా పనిచేసింది. కొవ్వు మేత పెట్టినా అవి అంతగా లావెక్కలేదు. అయితే డస్టరు దాచేస్తే షుగరు తగ్గుతుందా అని మందుల కంపెనీలు ఉరికాయి. కానీ ఈ కుటుంబంలో పనిచేసే భాగం అన్నిటికీ దాదాపు ఒకేలా ఉంటుంది. ఒకదాన్ని ఆపబోతే ఇంకొకటి ఆగుతుంది. అక్కడ అతుక్కునే అణువులు కణంలోకి సులువుగా దూరవు కూడా. అందుకే ఇంకా మందుల షాపుకు చేరలేదు.

తుడవడమంటే ఎప్పుడూ ఆపడమే అనుకోకండి. ఎస్‌హెచ్‌పీ2 అనేది తుడిచి తుడిచి, కణం పెరగమనే వార్తకు దారి వదులుతుంది. అది అతిగా పనిచేస్తే పొట్టిగా ఉండటం, గుండె లోపాలు కనిపించే నూనన్ సిండ్రోమ్ వస్తుంది. ఆ పిల్లల్లో దాదాపు సగం మందికి కారణం ఈ జన్యువేనని 2001 నుంచి తెలుస్తోంది. చిన్నపిల్లలకు వచ్చే ఒక అరుదైన రక్త క్యాన్సరులోనూ దీని చేయి ఉంది. రాయడం ఎక్కువైనా జబ్బే, తుడవడం ఎక్కువైనా జబ్బే.

ఇక మీకు పనికొచ్చే మాట. వెనేడియం కలిపిన నీళ్లు తాగించిన ఎలుకల్లో షుగరు తగ్గిందని 1985లోనే రాశారు. అది చూసి వెనేడియం మాత్రలు కొనే మిత్రులున్నారు. వద్దు. అది ఏ డస్టరును ఆపాలో ఎంచుకోదు, అన్నిటినీ పట్టుకుంటుంది, పైగా విషం. ఇన్సులిన్ మాట వినకపోవడానికి పీటీపీ1బీ ఒక్కటే కారణమూ కాదు. డాక్టరు ఇచ్చిన మాత్ర మానకండి, నడవండి, ఏడాదికోసారి కళ్లు చూపించుకోండి. రోజూ రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోండి. మా నాయన చూసుకోలేదు, నేను చూడలేదు.

సంఘానికి ఒక మనవి. వచ్చే సమావేశంలో భోజనాల పందిరి పక్కనే షుగరు చూసే బల్ల ఒకటి వేద్దాం. ఖర్చు నాది. మీరు వచ్చేటప్పుడు మీ నాయననో, అమ్మనో వెంటబెట్టుకుని రండి. రీడింగు ఎంతో మీరే అడిగి రాసుకోండి.