థీసిస్ నుంచి కంపెనీ దాకా: ఏ పని ముందు, ఏ పని తర్వాత?

(విశ్వవిద్యాలయ పరిశోధకుల అవగాహన సదస్సులో జిల్లా పౌర సంబంధాల అధికారి ప్రసంగ పాఠం)



పింఛన్ల గురించి, రేషన్ కార్డుల గురించి చెప్పే పీఆర్వో ల్యాబ్ వాళ్ల దగ్గరికి ఎందుకొచ్చాడా అనుకుంటున్నారేమో. మీకోసం కూడా పథకాలు ఉన్నాయండి. లక్షల్లో గ్రాంటు ఉంది, యంత్రాలు ఉన్నాయి, పేటెంట్ ఫీజులో రాయితీ ఉంది. చాలామందికి ఇవి అందకపోవడానికి కారణం అర్హత లేకపోవడం కాదు. వరుస తప్పడం. ముందు చేయాల్సింది తర్వాత, తర్వాత చేయాల్సింది ముందు చేసేస్తారు. ఈరోజు నేను చెప్పేదంతా ఆ వరుస గురించే.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో ఊళ్లోనే, నిమిషాల్లో చెప్పే చిన్న పరికరాన్ని ఒక పీహెచ్‌డీ స్కాలర్ తయారు చేసిందనుకోండి. నల్గొండ జిల్లా బాధ తెలిసిన మనకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆమె ఏం చేయాలి?

మొదటిది: పేపర్ కంటే ముందు పేటెంట్ దరఖాస్తు

మామూలుగా అయితే జర్నల్‌కు పేపర్ పంపిస్తుంది, కాన్ఫరెన్స్‌లో పోస్టర్ పెడుతుంది, థీసిస్ ఇచ్చేస్తుంది. థీసిస్ ‘శోధ్‌గంగ’లో చేరితే లోకమంతా చదవొచ్చు. చదువుపరంగా అది మంచిదే. కానీ పేటెంట్ చట్టం దృష్టిలో, దరఖాస్తు కంటే ముందే బయటపడిన విషయం కొత్తది కాదు. కొన్ని మినహాయింపులు ఉన్నా చాలా పరిమితం, వాటిని నమ్ముకోవద్దు.

అలాగని పేపర్ ఆపుకోనక్కర్లేదు. ముందు ప్రొవిజనల్ దరఖాస్తు వేసేయండి, తర్వాత పేపర్ పంపండి. ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకు, గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు, విద్యాసంస్థలకు ఫీజు 1,600 రూపాయలు. పెద్ద కంపెనీలకు 8,000. ప్రొవిజనల్ వేసిన రోజు నుంచి 12 నెలల్లోగా పూర్తి వివరాలతో కంప్లీట్ స్పెసిఫికేషన్ ఇవ్వాలి. ఆ గడువు దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క.

రెండోది: యూనివర్సిటీతో మాట కాదు, కాగితం

పరికరం చేసింది ఆమే. కానీ ల్యాబ్ యూనివర్సిటీది, రసాయనాలు ప్రాజెక్టు డబ్బుతో కొన్నవి, గైడ్ సలహా ఉంది. మరి పేటెంట్ ఎవరిది? ఈ ప్రశ్న పెట్టుబడిదారుడు వచ్చాక తలెత్తితే పని ఆగిపోతుంది.

దీనికోసం కేంద్ర విద్యాశాఖ 2019లో విద్యార్థులు, అధ్యాపకుల కోసం జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ విధానం తెచ్చింది. దాని ప్రకారం సంస్థ వనరులు గణనీయంగా వాడి చేసిన ఆవిష్కరణ అయితే హక్కు ఆవిష్కర్తలకు, సంస్థకు ఉమ్మడిగా ఉంటుంది. ఇంక్యుబేషన్ సదుపాయాలు వాడుకున్నందుకు సంస్థ కంపెనీలో 2 నుంచి 9.5 శాతం వరకు వాటా తీసుకోవచ్చు. అధ్యాపకులు కూడా కంపెనీ పెట్టొచ్చు, అందుకోసం సెలవు తీసుకోవచ్చు.

ఇవి మార్గదర్శకాలు. ఒక్కో యూనివర్సిటీ వీటిని తన నిబంధనలుగా మార్చుకోవాలి. కాబట్టి మీ రిజిస్ట్రార్ ఆఫీసులోనో, ఐపీఆర్ సెల్‌లోనో ఇక్కడ అమల్లో ఉన్న నిబంధనల కాపీ అడగండి. గైడ్‌తో సంబంధం ఎంత బాగున్నా ఎవరి వాటా ఎంతో రాసుకోండి. బాగున్నప్పుడే రాసుకోవాలి.

మూడోది: కంపెనీ లేకుండానే దొరికే డబ్బు

చాలామంది చేసే మొదటి పని కంపెనీ రిజిస్ట్రేషన్. తొందరొద్దు. కంపెనీ లేకుండా వ్యక్తిగానే వేసుకోగల పథకాలున్నాయి.

• నిధి-ప్రయాస్: కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖది. ఆలోచనను నమూనా పరికరంగా మార్చడానికి గరిష్ఠంగా 10 లక్షల గ్రాంటు. ప్రయాస్ కేంద్రంగా గుర్తింపు ఉన్న ఇంక్యుబేటర్ ద్వారా దరఖాస్తు చేయాలి.

• నిధి-ఈఐఆర్: చదువయ్యాక ఉద్యోగానికి పోకుండా స్టార్టప్ మీద కూర్చునేవారికి నెలకు 30 వేల వరకు భృతి. పూర్తి సమయం దీనికే ఇవ్వాలి.

• బిగ్ గ్రాంటు: బైరాక్ ఇస్తుంది. వైద్యం, వ్యవసాయం లాంటి జీవసాంకేతిక రంగాల ఆలోచనలకు 18 నెలల కాలానికి 50 లక్షల వరకు. వ్యక్తిగా వేయొచ్చు, కానీ ఎంపికైతే డబ్బు విడుదలకు ముందు కంపెనీ ఉండాలి.

ఇవి గ్రాంట్లు, అప్పులు కావు. అయితే ప్రతి రూపాయికీ ఖర్చు లెక్క చూపించాలి.

నాలుగోది: కంపెనీ పెట్టిన రోజే గడియారం మొదలు

స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ 2021లో మొదలైంది. నమూనా, పరీక్షల దశకు 20 లక్షల వరకు గ్రాంటు, మార్కెట్‌కు వెళ్లే దశకు 50 లక్షల వరకు రుణం లేదా కన్వర్టబుల్ డిబెంచర్ల రూపంలో సాయం. దీనికి మూడు షరతులు బాగా గుర్తుపెట్టుకోండి.

డీపీఐఐటీ గుర్తింపు ఉండాలి. అది ఆన్‌లైన్‌లో ఉచితం.

దరఖాస్తు నాటికి కంపెనీ పెట్టి రెండేళ్లు దాటకూడదు. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో సరదాకి కంపెనీ రిజిస్టర్ చేస్తే, పరికరం పనిచేసే నాటికి ఈ అర్హత పోతుంది.

ఇతర ప్రభుత్వ పథకాల నుంచి 10 లక్షలకు మించి డబ్బు తీసుకుని ఉండకూడదు. పోటీల్లో గెలిచిన బహుమతి, నెలవారీ భృతి, ల్యాబ్ సదుపాయం ఇందులోకి రావు. మన ఫ్లోరైడ్ స్కాలర్‌కు దీని అర్థం ఏంటంటే, ముందు ప్రయాస్ 10 లక్షలు తీసుకుని తర్వాత సీడ్ ఫండ్‌కు వెళ్లొచ్చు. ముందే 50 లక్షల గ్రాంటు తీసుకుంటే సీడ్ ఫండ్ తలుపు మూసుకుపోతుంది. రెండిట్లో ఏది కావాలో మొదటి దరఖాస్తుకు ముందే లెక్కేసుకోవాలి.

ఐదోది: యంత్రాలు కొనకండి, వాడుకోండి

గ్రాంటు డబ్బుతో యంత్రాలు కొని మూలన పెట్టడం కంటే ఉన్నవి వాడుకోవడం మేలు. హార్డ్‌వేర్ నమూనాలకు రాయదుర్గంలోని టీ-వర్క్స్ ఉంది. పెట్టుబడిదారులు, మెంటర్ల కోసం 2015లో మొదలైన టీ-హబ్, మహిళలకు వీ-హబ్ ఉన్నాయి. జీవశాస్త్ర ప్రయోగాలకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో బయోనెస్ట్, జీనోమ్ వ్యాలీలో ఐకేపీ నాలెడ్జ్ పార్క్ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో వైద్య పరికరాలకు విశాఖ మెడ్‌టెక్ జోన్ ఉంది.

ఇది మన దగ్గర కొత్త సంగతేం కాదు. 1993లో మొదలైన శాంతా బయోటెక్నిక్స్ తొలినాళ్ల పరిశోధన ఉస్మానియా యూనివర్సిటీ ల్యాబ్‌లో, తర్వాత సీసీఎంబీలో సాగింది. 1997లో దేశీయంగా తయారైన హెపటైటిస్-బి టీకా బయటికొచ్చింది. అప్పటిదాకా దిగుమతి టీకా కొనలేని కుటుంబాలకు అది అందింది. ల్యాబ్‌లో పని ఊరికి చేరడమంటే ఇదే.

తరచూ అడిగే ప్రశ్నలు

ప్ర: మాది సాఫ్ట్‌వేర్. పేటెంట్ వస్తుందా?
జ: కంప్యూటర్ ప్రోగ్రాం దానికదే పేటెంట్‌కు రాదు, కాపీరైట్ ఉంటుంది. పరికరంతో కలిసి కొత్త సాంకేతిక ఫలితం ఇస్తే పేటెంట్ నిపుణుడిని అడగండి.

ప్ర: పేటెంట్ ఏజెంట్ ఫీజు భరించలేం.
జ: స్టార్టప్‌ల మేధోహక్కుల రక్షణ పథకం కింద నమోదైన ఫెసిలిటేటర్లకు వారి ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది. మీరు కట్టేది చట్టబద్ధమైన ఫీజు మాత్రమే.

ప్ర: గ్రాంటు ఇప్పిస్తామని కమీషన్ అడుగుతున్నారు.
జ: ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. సీడ్ ఫండ్ దరఖాస్తుకు ఫీజు లేదు, ఒకేసారి మూడు ఇంక్యుబేటర్లను ఎంచుకోవచ్చు.

ఈ వారం చేయాల్సినవి

1. ల్యాబ్ నోట్‌బుక్‌లో ప్రతి పేజీకి తేదీ వేసి సంతకం చేయండి.
2. జర్నల్‌కు పంపబోయే పేపర్ ఉంటే ఐపీఆర్ సెల్‌కు ముందు చూపించండి.
3. యూనివర్సిటీ స్టార్టప్ నిబంధనల కాపీ తీసుకోండి.
4. వేయదలచిన పథకం పోర్టల్‌లో ప్రస్తుత గడువు, నిబంధనలు చదవండి.

ఈ పీడీఎఫ్‌ను మీ విభాగం వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ముఖ్యంగా ఈ ఏడాది థీసిస్ ఇవ్వబోతున్నవారికి పంపండి. థీసిస్ అందరికీ అందుబాటులోకి వెళ్లాక చెబితే వాళ్లకు ఇందులో సగం పనికిరాదు. సందేహాలుంటే కలెక్టరేట్‌లోని మా కార్యాలయానికి రండి, సంబంధిత శాఖకు కలుపుతాం.