శరణార్థి స్త్రీలకు కోర్టు తలుపు తెరిచి ఉండాలి

(బోడుప్పల్‌లో స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడినుంచి ఎల్.బి. నగర్ దాటి బాలాపూర్ వైపు వెళితే, బర్మా నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన రోహింగ్యా కుటుంబాలు గుడిసెల్లో బతుకుతున్నాయి. వాళ్ళ ఆధారమల్లా ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కార్డు. మన దేశం 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో చేరలేదు, శరణార్థులకంటూ చట్టమూ చేయలేదు. కార్డున్నా ప్రభుత్వం దృష్టిలో వాళ్ళు విదేశీయులే. 2025 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం కూడా శరణార్థిని వేరుగా గుర్తించలేదు.

మరి "నువ్వు శరణార్థివి కాదు, వెళ్ళిపో" అంటే ఎవరితో చెప్పుకోవాలి? కాదన్నది ఆ సంస్థ అయితే అప్పీలూ దాని దగ్గరే. వెళ్ళగొట్టేది ప్రభుత్వమైతే, రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయాలి. న్యాయ సమీక్ష అంటే ఇదే. అధికారి ఆమె మాట విన్నాడా, కారణాలు రాశాడా, తిరిగి పంపితే ఏమవుతుందో ఆలోచించాడా అని కోర్టును అడగడం.

1996లో చక్మాల కేసులో సుప్రీంకోర్టు, పౌరులైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ రాజ్యం కాపాడాలన్నది. 1998లో గుజరాత్ హైకోర్టు ఇంకో అడుగు వేసి, ప్రాణహాని ఉన్నచోటికి తిరిగి పంపకూడదన్న సూత్రం 21వ అధికరణంలోనే ఉందన్నది. దేశభద్రతకు ముప్పు లేనంతవరకే అని షరతు పెట్టింది. 2021 ఏప్రిల్ 8న రోహింగ్యాల కేసులో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో సుప్రీంకోర్టు వెనక్కి తగ్గింది. 14, 21 అధికరణాలు అందరివీ అంటూనే, బహిష్కరణకు గురికాకుండా ఉండే హక్కు పౌరులకే ఉన్న నివాస హక్కులో భాగమన్నది. నిర్ణీత పద్ధతి పాటించి పంపవచ్చునన్నది. పద్ధతి సరిగ్గా ఉంటే చావులోకి పంపినా సరేనా?

చిత్రహింసలు పెట్టే చోటికి ఎవరినీ పంపకూడదని చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక 3వ అధికరణం చెబుతుంది. భారత్ 1997లో దానిపై సంతకం చేసింది, ఈనాటికీ ధ్రువీకరించలేదు.

ఇందులో స్త్రీల సమస్య ఏమిటంటారా? సైనికుల అత్యాచారానికి గురైన స్త్రీ మొదటి ఇంటర్వ్యూలో పరాయి మగవాడి ముందు నోరు విప్పలేదు. తర్వాత చెబితే "అప్పుడెందుకు చెప్పలేదు, ఇది కట్టుకథ" అంటారు. ఈ మాట మనకు కొత్తా? 1978లో నల్లకుంట పోలీస్‌స్టేషన్‌లో ఒక స్త్రీపై అత్యాచారం జరిగింది, ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమన్నది. ఆమె శీలం మీద నిందలు వేశారు. కేసు రాయచూరుకు బదిలీ అయ్యాక పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. మన భాషలో, మన ఊళ్ళో చెప్పిన స్త్రీ మాటకే ఆ గతి పడితే, భాష రాని పరాయి దేశపు స్త్రీని ఎవరు నమ్ముతారు? కెనడా 1993లోనే, శరణు కోరే స్త్రీల మాటను ఎలా వినాలో తన అధికారులకు మార్గదర్శకాలు ఇచ్చింది. మన దగ్గర అలాంటి కాగితం ఒక్కటీ లేదు.

మనం అడగవలసినవి ఇవి: తిరస్కరణకు కారణాలు ఆమెకు తెలిసిన భాషలో రాసివ్వాలి. స్త్రీ అధికారి, స్త్రీ దుబాసీ ఉండాలి. కోర్టు వినేదాకా ఎవరినీ సరిహద్దు దాటించకూడదు.

ఈలోగా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీకి ఉచిత న్యాయసహాయం అందాలి; అక్కడ "స్త్రీ" అనే ఉంది, "పౌరురాలు" అని లేదు. బాలాపూర్ అక్కచెల్లెళ్ళకు ఈ సంగతి చెప్పాలి. నోటీసు వచ్చిన రోజునే వాళ్ళ వెంట మనలో ఇద్దరు న్యాయసేవా సంస్థకు వెళ్ళాలి. విమానం ఎక్కించాక వేసే రిట్ ఎవరికీ పనికిరాదు.