ప్లాస్టిక్‌లో కరెంటు నడక

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

‘ప్లాస్టిక్ అవాహకం’ అని రాసి మనమంతా ఒక మార్కు తెచ్చుకున్నవాళ్లమే. మనం అది రాసే నాటికే దానికి మినహాయింపు దొరికింది.

చార్మినార్ గల్లీల్లో చాందీ వరక్ కొట్టే సుత్తుల చప్పుడు మీకు కొత్త కాదు. 1967లో టోక్యోలో షిరకావా పనిచేసే ప్రయోగశాలలో అచ్చం ఆ వరక్‌లా మెరిసే పొర ఒకటి తయారైంది. ఉత్ప్రేరకం వెయ్యి రెట్లు ఎక్కువ పడటం వల్ల! అది పాలీఅసిటిలీన్. మెరుపు వెండిదే, కరెంటు మాత్రం అంతంతమాత్రం. తర్వాత అమెరికాలో మెక్‌డయార్మిడ్, హీగర్‌లతో కలిసి ఆయన దానికి అయోడిన్ ఆవిరి పట్టించారు. వాహకత కోటి రెట్లు పెరిగింది. 1977లో ఆ సంగతి ప్రకటించారు. 2000లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

అయోడిన్ చేసిందేమిటి? ఈ పాలిమర్ గొలుసులో కార్బన్ల మధ్య ఒక ఏకబంధం, ఒక ద్విబంధం, మళ్లీ ఏకబంధం. ఎలక్ట్రాన్లు ఉన్నాయి, కదలడానికి చోటు లేదు. హౌస్‌ఫుల్ సినిమాహాల్లో ఒక వరుస అనుకోండి. అయోడిన్ ఒకణ్ని లేపి బయటికి లాగింది. పక్కవాడు ఆ సీట్లోకి జరిగితే ఖాళీ ఇటు వస్తుంది. ఆ ఖాళీయే ధనావేశం. ఇక్కడో మెలిక ఉంది. ఖాళీ చుట్టూ బంధాల అమరిక కూడా కాస్త సర్దుకుంటుంది, ఆ సర్దుబాటు ఆవేశంతో పాటే నడుస్తుంది. జంపఖానాలో ముడతను కాలితో తోస్తే ముడత అవతలికి పోతుంది, జంపఖానా ఉన్నచోటే ఉంటుంది కదా, అలాగ. చాలా వాహక పాలిమర్లలో దీన్ని పోలరాన్ అంటారు.

గొలుసు వెంబడి నడక సులువే. తంటా అంతా గొలుసు అయిపోయిన చోట. గోడ దూకి పక్క గల్లీలో పడ్డట్టు పక్క గొలుసు మీదికి దూకాలి. వేడి ఆ దూకుడుకు ఊతమిస్తుంది. అందుకే వేడెక్కితే రాగితీగలో నిరోధం పెరుగుతుంది, ఈ పాలిమర్లలో చాలావాటిలో తగ్గుతుంది. గొలుసులను వరసగా పేర్చడంలోనే అసలు పనితనం ఉందని నా అభిప్రాయం.

పాలీఅసిటిలీన్ గాలికి పాడవుతుంది. పాలీఅనిలీన్ నిలిచింది. మన తార్నాక ఐఐసీటీలోనూ దానిమీద పరిశోధన జరిగింది. ఆమ్లం తగిలితే ఆకుపచ్చగా మారి కరెంటు పారనిస్తుంది, క్షారం తగిలితే నీలమై ఆపేస్తుంది. మా వృత్తిలోనైతే కెపాసిటర్లు. ద్రవం ఉన్న రకం వేడికి ఆరిపోయి తల ఉబ్బుతుంది, టీవీలు బాగుచేసేవాళ్లను అడగండి. వాహక పాలిమర్ నింపిన రకంలో ఆరిపోవడానికి ద్రవమే లేదు.

స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం కట్టాలా, ల్యాబ్ బాగుచేయాలా అని చర్చ నడుస్తోంది. నా ఓటు ల్యాబ్‌కే. పాత మదర్‌బోర్డు ఒకటీ, రెండు మల్టీమీటర్లూ ఈ బల్ల మీద పెట్టాను. మల్టీమీటర్లు తిరిగి తీసుకెళ్లను. పిల్లలూ, భోజనాలకు ముందే రండి.