తెరమీది ఆటలు - ఇంటిలోని అభిరుచులు



ఆటలను గుఱించి పెద్దల సభలో ఉపన్యాస మేమిటని కొందఱికి తోచవచ్చును. అందునను వీడియో ఆటలను గుఱించి! కాని నేడు ఖరిదాలో ఏ తెలుగువారి యింటికి వెళ్ళినను కుశల ప్రశ్నలకంటె ముందు వినవచ్చునది ఫోనులోని ఆట చప్పుడే. కొడుకు తుపాకుల ఆటలో మునిగియుండును. కోడలు రంగురంగుల మిఠాయిలను వరుసలుగా కలుపుచుండును. డ్యూటీ దిగి వచ్చిన యజమాని పేకముక్కలు తెఱచియుండును. ముసలితల్లి యొక్కతె యెవరి మొగమును కనబడక గోడవైపు చూచుచుండును. ఎవరి కే ఆట యిష్టమను ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, కొంచెము త్రవ్వి చూచినచో ఇంటివారి వేళలు, ఇంటి డబ్బు, ఇంటి భాష అన్నియు అందులోనుండి బయటపడును.

తెరమీది ఆట రెండు రూపములతో ఇంటిలోనికి వచ్చినది. టెలివిజనుకు తగిలించి చేతిపిడులతో ఆడు యంత్రము ఒకటి. దానిని కన్సోలు అందురు. రెండవది జేబులోని ఫోను. జపానులోని నింటెండో సంస్థ 1983లో ఫామికామ్ అను యంత్రమును విడుదల చేసినది. దాని నకళ్ళు 1990 తరువాత భారతదేశపు బజారులలో విరివిగా లభించినవి. క్యాసెట్టు దూర్చుట, బొమ్మ రానిచో దానిని పెఱికి నోటితో ఊది మరల దూర్చుట, ఇది ఆ కాలపు పిల్లలకు పూజావిధానము వంటిది. యంత్రము గల యిల్లు వీధికి ఒకటియో రెండో యుండెడివి. కావున ఆడువా రిద్దఱైనను చూచువారు పదిమంది. తన వంతు వచ్చువఱకు ఓర్చుకొనుట, ఓడినవాడు పిడిని ఇచ్చివేయుట, ప్రక్కవాడు "దూకరా, దూకు" అని అఱచుట, ఇంతలో ఆ యింటి తల్లికి కరెంటు బిల్లు జ్ఞప్తికి వచ్చి మీట నొక్కివేయుట, ఇవన్నియు ఆటలోని భాగములే.

సోనీ సంస్థవారి ప్లేస్టేషన్ 2 అను యంత్రము 2000 సంవత్సరమున వెలువడి ప్రపంచమున 15 కోట్లకు పైగా అమ్ముడుపోయినది. ఆ యంత్రముకొఱకు హైదరాబాదు నగరమున రెండు ఆటలు తయారైన సంగతి తెలుగువారిలో పెక్కుమందికి తెలియదు. అరోనా టెక్నాలజీస్ వారు "హనుమాన్: బాయ్ వారియర్" అను ఆటను, గేమ్‌శాస్త్ర వారు "దేశీ అడ్డా" అను ఆటను చేసిరి. రెండును 2009లో విడుదలయ్యెను. రెండవదానిలో చెడుగుడు, బిళ్ళంగోడు, గాలిపటములు ఉన్నవి. వీధిలో కఱ్ఱముక్కతో ఆడదగిన బిళ్ళంగోడునకు వేల రూపాయల యంత్రము కావలసివచ్చెనా యని నవ్వు వచ్చుట సహజము. అయినను వీధులలో మోటారు సైకిళ్ళు నిండిపోయినపుడు బిళ్ళ ఎచ్చట ఎగురును?

రైలు కుటుంబములవారు వినదగిన ఆట మఱియొకటి కలదు. జపానులో టైటో సంస్థ 1996లో "డెన్షా దే గో" అను ఆటను తెచ్చినది. అందులో శత్రువు లేడు, తుపాకి లేదు. ఆడువాడు రైలు నడుపవలయును, అంతే. కాలపట్టికప్రకారము స్టేషను చేరవలయును, ప్రయాణికులు తూలిపడకుండ బ్రేకు వేయవలయును, గుర్తుకు సరిగా ఆపవలయును. కొంచెము ముందు ఆగినను వెనుక ఆగినను మార్కులు పోవును. తరువాత అది ప్లేస్టేషనుకును వచ్చినది. దానికొఱకు రైలింజనులోనివలె వేగమునకు, బ్రేకునకు పిడులు గల ప్రత్యేక పరికరమును గూడ అమ్మిరి. ఖరగ్‌పూరు ప్లాట్‌ఫారము 1,072 మీటర్లకు పైబడిన పొడవుతో 2013లో గోరఖ్‌పూరు దానిని మించువఱకు ప్రపంచమున మొదటిదని పేరు పొందినది. అంత పొడవున్నచోట ఆపుట సులభమే గదా యని అనుకొనువారు బండి నడపనివారే! చెన్నైలో తయారైన "ఇండియన్ ట్రెయిన్ సిమ్యులేటర్" ఇప్పుడు ఫోనులో లభించుచున్నది. కొడుకు దానిని ఆడుచుండగా ప్రక్కన టీ త్రాగుచున్న లోకో పైలటు తండ్రి, "ఒరే, కాషన్ సిగ్నలు దగ్గర అంత వేగమా?" అని గద్దించిన యిల్లు ఖరిదాలో ఉండకపోదు. ఆ గద్దింపుకంటె మంచి పాఠము ఆ పిల్లవానికి వేఱొకటి లేదు. తండ్రి పనియేమో వానికి మొదటిసారి తెలిసినది ఆ ఆటలోనే కావచ్చును.

ఇంత చక్కని కన్సోలు ఉండగా ఫోను ఎందుకు గెలిచినది? ధర ఒక కారణము. 2016లో జియో వచ్చినపిమ్మట డేటా చవుకయై, కూరలవాని చేతిలోనికి గూడ ఆట వచ్చినది. కాని రైలు ఊరిలో అంతకంటె బలమైన కారణము డ్యూటీ రోస్టరు. తెల్లవారుజామున ఒకరు బయలుదేరుదురు, అర్ధరాత్రి ఒకరు తిరిగివత్తురు, మధ్యాహ్నము ఒకరు నిదురింతురు. రెండుగదుల క్వార్టరులో ఉన్న ఒక్క టెలివిజను సీరియలుకే చాలదు. భద్రక్ రన్నింగు రూములో తిరుగుబండికై వేచియున్న మనిషి కన్సోలును పెట్టెలో మోసికొనిపోలేడు. బండిమీద నున్నంతసేపు ఫోను ముట్టరాదు. దిగిన తరువాత నిదుర పట్టని అరగంటకు అదియే తోడు. ఆ మనిషికి మొబైలు ఆట యిష్టమనినచో దానిని దోషముగా నెంచరాదు.

ఖరగ్‌పూరు స్టేషనులో 2001 నుండి 2003 వఱకు టిక్కెట్టు పరీక్షకుడుగా పనిచేసిన మహేంద్రసింగ్ ధోనీ, 2023 జూనులో విమానములో కూర్చుండి క్యాండీ క్రష్ ఆడుచుండగా ఎవరో తీసిన చిత్రము దేశమంతయు చుట్టివచ్చినది. ప్రపంచకప్పు గెలిచిన నాయకుడు మిఠాయిలు కలుపుకొనుచున్నాడని లోకము ముచ్చటపడినది. అలసిన మనస్సు ఆలోచన అక్కఱలేని ఆటను కోరును. టీటీలకు ఈ సంగతి ముందే తెలియును.

అయినను మొబైలు ఆటలో ఒక కిటుకు కలదు. కన్సోలు ఆటను ఒకసారి కొనిన చాలును. కథ ముగియును, ఆట ముగియును. క్యాండీ క్రష్ వంటిది ఉచితముగా వచ్చును, ముగియనే ముగియదు. ఐదు ప్రాణములు పోయినచో ఒక్కొక్క ప్రాణమునకు అరగంట ఆగవలయును, లేదా డబ్బు చెల్లింపవలయును. ఆటగాని ఓర్పు ఎక్కడ తెగునో అక్కడ దుకాణము తెఱచియుండును. పిల్లవానిని "ఎంతసేపురా, ఆపు" అని తిట్టు తల్లి, ఆపుటకు తగిన చోటు అందులో లేకుండ తీర్చిదిద్దిరని యెఱుగదు.

ఇంతకంటె ప్రమాదకరమైనది పందెపు రమ్మీ. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు వ్యవహారమున సుప్రీంకోర్టు 1967లో రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటయని చెప్పినది. బల్లచుట్టు కూర్చుండి, ఎదుటివాని ముఖము చూచుచు ఆడు రమ్మీని గుఱించి పలికిన మాట అది. ఫోనులోని రమ్మీలో ఎదుటివాని ముఖము లేదు, క్లబ్బు మూయు వేళ లేదు, "ఇక చాలు, యింటికి పో" అను స్నేహితుడు లేడు. తెలంగాణము 2017లో, ఆంధ్రప్రదేశము 2020లో డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను రమ్మీని నిషేధించినవి. 2025 ఆగష్టులో పార్లమెంటు దేశమంతటికిని డబ్బు పందెపు ఆన్‌లైను ఆటలను నిషేధించు చట్టము చేసినది. చట్టము వచ్చునాటికే అనేకుల జీతములు నెల మొదటి వారములోనే కరగిపోయినవి. భార్యకు చెప్పక సొసైటీ అప్పు తీసికొన్నవాడు అభిరుచిని గుఱించి మాటలాడు స్థితిలో ఉండడు. దీనిని ఆటల జాబితాలో చేర్చుట ఆటకే అవమానము.

ఇక భాష సంగతి. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాలనుండి బెంగాల్ నాగపూరు రైల్వే కాలములో వచ్చినవారి మునిమనుమలు నేడు ఖరిదాలో పెరుగుచున్నారు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము 2020 డిసెంబరులో తెలుగునకు అధికార భాషా ప్రతిపత్తి యిచ్చుటకు నిర్ణయించినపుడు పండుగ చేసికొన్నవారే వీరందఱు. అదే యేడు సెప్టెంబరు 2న పబ్జీ నిషేధింపబడగా వారి పిల్లలు శోకము చేసిరి. 2021లో అది బీజీఎంఐ అను పేరుతో మరల వచ్చినది. ఆ ఆటలో నలుగురు జట్టుగా చెవిలో మాటలాడుకొనుచు ఆడుదురు, అది మంచిదే. కాని ఆ మాటలు హిందీ, బంగ్లా, ఇంగ్లీషు. గంటలకొలది కేకలు వేసిన పిల్లవాడు ఆ గంటలలో ఒక్క తెలుగు మాట పలుకడు. వానిని నిందించి లాభము లేదు, తెలుగు కేకలు నేర్పు ఆట వాని కెవరు ఇచ్చిరి?

లూడో చరిత్ర ఇచ్చట జ్ఞప్తికి వచ్చును. పచ్చీసు ఆట ఇంగ్లండునకు పోయి, 1896లో అక్కడ లూడో యను పేరుతో పేటెంటు పొంది, అట్టపెట్టెలో తిరిగివచ్చినది. 2016లో "లూడో కింగ్" అను పేరుతో ఫోనులోనికి ఎక్కినది. 2020లో లాక్‌డౌను వచ్చి బండ్లు నిలిచిపోయినపుడు దేశమంతయు దానినే ఆడినది. దూరదేశములవారితోను ఆడవచ్చును, ఒకే ఫోనును నడుమ బెట్టి చేతులు మార్చుకొనుచును ఆడవచ్చును.

ఆ రెండవ పద్ధతిని ఒక యింటిలో ఒక సాయంకాలము పట్టిరి. కరెంటు పోయినది, నాలుగు ఫోనులలో ఒక్కదానికే చార్జి మిగిలినది. దానిని చాపమీద పెట్టి చుట్టు చేరిరి. ముసలితల్లిని గూడ పిలిచిరి. ఆమెకు లూడో యను పేరు తెలియదు, అష్టాచెమ్మా తెలియును. గవ్వలేవని వెదకి, తెరమీద వ్రేలు పెట్టిన పాచిక దొరలుట చూచి కొంతసేపు అనుమానించినది. మనుమడు ఆమె కాయను చంపగానే ఆమెకు పట్టుదల వచ్చినది. తరువాత పందెము పందెమునకు ఆమె నోటినుండి యెన్ని మాటలో! కాయను కట్టుమన్నది, కోసి పొమ్మన్నది, దొంగపందెమన్నది. చివరి కాయ నడిమి గడిలోనికి చేరగానే తెరమీద ఇంగ్లీషు అక్షరములు మెఱసినవి. ఆమె వానిని చూడక, "పండిందిరా నా కాయ" అన్నది.

"కాయ పండటమేంటి మామ్మా?" అని మనుమడు అడిగినాడు. కరెంటు వచ్చినది. టెలివిజను దానంతట అదే మ్రోగసాగినది. కోడలు లేచి దానిని కట్టివేసి, మరల వచ్చి చాపమీద కూర్చున్నది.