స్వకర్మార్చన



చేసే పనిలో జయము, బలము, తృప్తి ఎలా కలుగుతాయన్నది ఈనాటి విషయము. మానవుడు తన స్వకర్మచేతనే పరమాత్మను అర్చించి సిద్ధిని పొందుతాడని గీతాచార్యుడు పదునెనిమిదవ అధ్యాయములో సెలవిచ్చాడు. పువ్వులతో అర్చించమని అక్కడ అనలేదు, గమనించండి. తన పనితో అన్నాడు.

దీనికి నిదర్శనము కోసం కాశీ వెళ్ళనక్కరలేదు. ధర్మవరములో ఒక నేతకారుని ఇంట కొంతసేపు కూర్చోండి. ఆయన గుంతలో కాళ్ళుంచి మగ్గము ముందు కూర్చుంటాడు. పడుగులో వేల పట్టుపోగులు. వాటి నడుమ నాడె అటూ ఇటూ పరుగెడుతుంది. ఒక్క పోగు తెగిందా, మగ్గము ఆగుతుంది. తెగిన కొనలను వెదకి, ముడివేసి, మరల నేత సాగిస్తాడు. చూడనట్లు సాగిపోతే కొనేవారు ఆ లోపాన్ని కనిపెట్టకపోవచ్చు. అయినా ఆయన ఆగుతాడు. ఎవరూ చూడనిచోట ఆగిన ఆ క్షణమే అర్చన. జపములో అక్షరము తప్పితే మరల మొదలుపెట్టే భక్తునికీ ఈయనకూ భేదమేమి?

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరములో లేపాక్షి ఉన్నది. అచ్యుతదేవరాయల కాలములో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు అక్కడి వీరభద్రాలయమును కట్టించారు. శివపార్వతుల పెండ్లికి వచ్చిన దేవతలను, ఋషులను స్తంభాలపై చెక్కిన కల్యాణమండపానికి నేటికీ పైకప్పు లేదు. రాజధనము వెచ్చించాడన్న నింద రాగా విరూపణ్ణ తన కన్నులను తానే పెరికి గోడకు కొట్టాడని జనశ్రుతి. 1565 యుద్ధము తరువాత పెనుకొండ రాజధాని అయింది. ఆ వైభవమూ నిలువలేదు. కాని ఆ స్తంభాల యెదుట నిలిచి, పని పూర్తికాలేదు గనుక ఉలి పట్టినవాని శ్రమ విఫలమని అనగలరా? ఒక్కొక్క మూర్తీ తనంతట తాను సంపూర్ణము.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఫలము కోరరాదని పనివానికి బోధించి, ఆ ఫలాన్ని తమ సంచిలో వేసుకొనే పెద్దలున్నారు. నిష్కామము పనిచేసేవాని మనోనియమమే గాని కూలి ఎగవేసేవానికి అనుమతిపత్రము కాదు. మరమగ్గాల పోటీకి, అప్పులకు తాళలేక మన ప్రాంతపు నేతన్నలు కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. ఆ ఇండ్లకు వెళ్ళి గీత వినిపించడానికి ఎవరికి నోరు వస్తుంది? కూతురి పెండ్లికి పట్టుచీర బేరమాడేటప్పుడు, అందులో ఎన్ని దినాల రెక్కల కష్టమున్నదో ఒకసారి లెక్కవేయండి. ఆ లెక్క కూడ పూజలో భాగమే.

"స్వామీ, ఇంతకు నా స్వకర్మ ఏది?" అని అడిగేవారున్నారు. భారతములో, అరణ్యపర్వములో, కౌశికుడనే తపస్విదీ ఇదే సందేహము. తన కోపదృష్టితో కొంగను కూల్చిన గర్వము అతనిది. ఒక గృహిణి మాటపై మిథిలకు వెళ్ళి, మాంసము అమ్మే ధర్మవ్యాధుని ఆశ్రయించాడు. ఆ వ్యాధుడు ఎన్నో ధర్మసూక్ష్మములు చెప్పి, చివరకు అతనిని ఇంటిలోనికి తీసుకొనిపోయి తన ముసలి తల్లిదండ్రులను చూపాడు. తన దైవములు వీరేనన్నాడు. నీవు చెప్పకుండా విడిచివచ్చిన నీ తల్లిదండ్రులు శోకముతో చూపు కోల్పోయారు, మరలిపొమ్మన్నాడు.

కౌశికుడు ఇంటికి వెళ్ళి వారి సేవలో నిలిచాడు.