కొడుకు పోయాక కూడా పిటిషన్ వేసిన నాన్న

ఈ మధ్య మీ మెసేజ్‌ల్లో ఎక్కువగా కనిపిస్తున్న ప్రశ్న ఒకటే. "అన్నా, రాజకీయాలు ఇంత దిగజారాక మామూలు మనిషి ఏం చేయగలడు?" దీనికి సలహా ఇవ్వను. ఒక నాన్న గురించి చెప్తా.

ఆయన పేరు టి.వి. ఈచర వారియర్. కేరళలో హిందీ ప్రొఫెసర్. కొడుకు రాజన్ కాలికట్ ఆర్‌ఈసీలో ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్. ఆర్‌ఈసీ అంటే ఇప్పటి ఎన్‌ఐటీ, మన వరంగల్ కాలేజీ లాంటిదే. నేనూ బీటెక్ వాడినే కదా, ఆ హాస్టల్ రూమ్ నాకు కళ్ల ముందు కనిపిస్తుంది.

అది ఎమర్జెన్సీ కాలం. 1976 మార్చి 1న పోలీసులు రాజన్‌ని పట్టుకెళ్లారు. ఒక పోలీస్ స్టేషన్ మీద నక్సలైట్లు చేసిన దాడి కేసులో అనుమానం. కక్కయం అనే ఊళ్లో పెట్టిన క్యాంపులో చిత్రహింసలు. నాన్న అధికారుల చుట్టూ, మంత్రుల చుట్టూ తిరిగారు. కొడుకు ఎక్కడున్నాడో ఒక్కరూ చెప్పలేదు.

కోర్టుకి వెళ్లొచ్చు కదా అంటారా? దానికి హెబియస్ కార్పస్ అనే పిటిషన్ ఉంది. "మీరు పట్టుకెళ్లిన మనిషిని మా ముందు నిలబెట్టండి" అని కోర్టు ప్రభుత్వాన్ని అడగడం. కానీ 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల్లో నలుగురు, ఎమర్జెన్సీలో ఆ హక్కు అడగడానికి లేదన్నారు. కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. ఆ తర్వాత ఆయన్ని పక్కనపెట్టి జూనియర్‌ని చీఫ్ జస్టిస్ చేశారు. దిగజారడం అంటే ఇదీ. ఒక్క మంత్రి చెడ్డవాడు కావడం కాదు, అడిగే తలుపులన్నీ మూసుకుపోవడం.

1977 మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తేశారు. కొద్ది రోజులకే ఈ నాన్న కేరళ హైకోర్టులో పిటిషన్ వేశారు. రాజన్‌ని అసలు అరెస్టే చేయలేదని ప్రభుత్వం అఫిడవిట్ ఇచ్చింది. కానీ పట్టుకెళ్లిన సంగతి కాలేజీ వాళ్లకి తెలుసు. ప్రిన్సిపాలే సాక్ష్యం చెప్పారు. రాజన్‌ని హాజరుపరచమని కోర్టు ఆదేశించింది. కస్టడీలోనే చనిపోయాడని చివరికి ప్రభుత్వమే ఒప్పుకోవాల్సి వచ్చింది. ఎమర్జెన్సీలో హోం మంత్రిగా ఉండి, అప్పటికి ముఖ్యమంత్రి అయిన కరుణాకరన్ ఏప్రిల్‌లోనే రాజీనామా చేశారు.

కొడుకు తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. అమ్మ మనసు చెదిరిపోయింది. ఇది గెలుపు కథ అని నేను చెప్పను.

మరి ఆయనకి నమ్మకం ఎక్కడ దొరికింది? నాకు అర్థమైంది ఇది. దేశం బాగుంది కాబట్టి ఆయన నమ్మలేదు. అడగడం ఆపితే కొడుకు రెండోసారి చనిపోతాడు కాబట్టి అడిగారు. ఆయన అడిగారు కాబట్టి ప్రిన్సిపాల్‌కి నిజం చెప్పే చోటు దొరికింది, జడ్జీలకి ఆర్డర్ రాసే అవకాశం దొరికింది. ముందు ఒకడు కాగితం మీద సంతకం పెట్టాలి. మిగతావాళ్ల ధైర్యం దాని వెనకే వస్తుంది.

తర్వాత 1978లో 44వ సవరణ వచ్చింది. ఇప్పుడు ఎమర్జెన్సీ పెట్టినా మన ప్రాణ హక్కుని ఆపలేరు. ఆ 1976 తీర్పు తప్పని సుప్రీంకోర్టే 2017లో తేల్చింది.

మీ ఊళ్లో ఎవరినైనా పట్టుకెళ్లి చెప్పకపోతే, స్టోరీ పెట్టి ఊరుకోకండి. తేదీ, టైమ్, చూసినవాళ్ల పేర్లు రాసి పెట్టండి. ఆ నాన్న చేతిలో ఉన్నవి అవే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త.